పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలా?

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటుంది మన సామెత. డబ్బయినా, పరువయినా పోయిన చోటే దొరకాలట. పట్టుదల నేర్పే మాటే, కాదనను. కాని ఒక పనిలో పదేపదే ఓడిపోతున్న మనిషిని అక్కడే నిలబెట్టి, గెలిచేదాకా కదలకు అనడం న్యాయమా? అతణ్ణి వేరే పనికి మారిస్తే అది ఆదరణా, శిక్షా? మారినచోట రాణిస్తే దాన్ని గెలుపు అనాలా, సర్దుబాటు అనాలా? ఉద్యోగంలో చేరిన నాటినుంచీ నన్ను వదలని ఈ ప్రశ్నలు, మన ఊళ్లలో ఎవరూ ఆడని ఒక ఆటను చూశాక మరింత స్పష్టమయ్యాయి. అది అమెరికన్ ఫుట్‌బాల్. మా మేనల్లుడు ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాడు. ఆ ఆట పిచ్చి అతను నాకూ అంటించాడు.

మనం ఫుట్‌బాల్ అనుకునే ఆటకూ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ. ఇక్కడ బంతిని ఎక్కువగా చేత్తోనే పట్టుకుంటారు, విసురుతారు. జట్టుకు పదకొండు మంది. బంతిని విసిరే వాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. నడిమివాడు సెంటర్. అతనికి అటొకరు ఇటొకరు గార్డులు. వాళ్లకు ఆవల, రెండు చివర్లా టాకిళ్లు. మీదికొచ్చే ప్రత్యర్థుల్ని ఆపడమే వీళ్ల పని. బాగా ఆపినంతకాలం వీళ్ల పేరు ఎవరూ ఎత్తరు. ఒక్కసారి తప్పితే మాత్రం స్టేడియమంతా వీళ్ల పేరే. మా బ్యాంకు క్యాషియర్ల బతుకు కూడా ఇంచుమించు ఇంతే.

కాలేజీల్లో ఆడిన కుర్రాళ్లను వృత్తి జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకుంటాయి. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. 1936లో మొదలైంది. ఇప్పుడు 32 జట్లు, ఏడు విడతలు. కిందటి ఏడు అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు వస్తుంది. అది కావాలనుకుంటే ఆ వంతును మరో జట్టుకు మార్చుకోవచ్చు. కనుక మొదట్లో ఎంపికైన కుర్రవాడి మీద సాధారణంగా ఒక చతికిలబడ్డ జట్టు ఆశలన్నీ ఉంటాయి. ఆ ఎంపిక సంఖ్య జన్మనక్షత్రంలా అతనికి అంటుకుపోతుంది. ఆట మానేసి ఎన్నేళ్లయినా ఫలానా నంబరు ఎంపిక అనే చెప్పుకుంటారు.

రాబర్ట్ గాలరీ అలాంటివాడు. అయోవా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, కాలేజీ ఆటలో లైన్ ఆటగాళ్లకిచ్చే ఔట్‌లాండ్ ట్రోఫీని 2003లో గెలుచుకున్నాడు. 2004 డ్రాఫ్ట్‌లో ఓక్లాండ్ రైడర్స్ జట్టు అతణ్ణి రెండో ఎంపికగా తీసుకుంది. టాకిల్ స్థానానికి ఇక పదేళ్లు ఢోకా లేదనుకున్నారు. అనుకున్నది జరగలేదు. అతని వెనకే మూడో ఎంపికగా వెళ్లిన లారీ ఫిట్జ్‌జెరాల్డ్ మేటి ఆటగాడై వెలుగుతుంటే, గాలరీ తడబడుతూనే ఉన్నాడు. 2006లో రైడర్స్ పదహారు ఆటల్లో రెండే గెలిచారు. ఆ ఒక్క ఏడే వాళ్ల క్వార్టర్‌బ్యాక్‌లు 72 సార్లు బంతితో సహా నేలకూలారు. అందులో గాలరీ వాటా ఎంతన్నది అటుంచితే, నింద మోయడానికి పెద్ద నంబరువాడు ఒకడు సిద్ధంగా ఉన్నాడు కదా!

2007లో అతణ్ణి ఒక్క స్థానం లోపలికి జరిపి ఎడమ గార్డుగా నిలబెట్టారు. అక్కడ కుదురుకున్నాడు. 2010 దాకా రైడర్స్‌లో ఆ స్థానం అతనిదే. ఆ తర్వాత సియాటిల్ జట్టుకు ఒక ఏడు ఆడాడు. మహా వీరుడని ఎవరూ అనలేదు. కాని నమ్మదగిన గార్డు అన్నారు.

ఒక్క స్థానం జరిగితే ఇంత తేడా ఎందుకు? చివరన నిలబడే టాకిల్‌కు ఒక పక్క ఎవరూ ఉండరు. ప్రత్యర్థుల్లో చురుకైనవాళ్లు ఆ ఖాళీలోంచి వంపు తిరుగుతూ దూసుకొస్తారు. వాళ్లతో సమానంగా వెనక్కీ పక్కకీ పాదాలు కదలాలి. కుడిచేతివాటం క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమవైపు వీపు తిరిగి ఉంటుంది గనుక ఎడమ టాకిల్ పొరపాటు మరీ ప్రమాదం. గార్డుకు రెండు పక్కలా తోడుంటుంది. అతని పోరు ఇరుకులో, మరింత బరువైనవాళ్లతో. అక్కడ పాదాల వేగం కన్నా నడుము బలం, చేతి బలం ముఖ్యం. తేలికైన పని కాదు, వేరే పని. నిన్నటిదాకా లోపంగా కనబడింది ఇక్కడ అంతగా బయటపడదు. నిన్నటిదాకా అక్కరకు రాని బలం ఇక్కడ అక్కరకొస్తుంది.

మెకై బెక్టన్ కథ ఇంకా దగ్గరిది. ఆరడుగుల ఏడంగుళాల మనిషి, 165 కిలోల బరువు. ఆ బరువుతో 40 గజాలు 5.1 సెకన్లలో పరుగెత్తి అందర్నీ నివ్వెరపరిచాడు. 2020లో న్యూయార్క్ జెట్స్ అతణ్ణి పదకొండో ఎంపికగా తీసుకుని టాకిల్‌గా నిలబెట్టింది. 2021 సీజన్ మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిన్నది. 2022 సీజన్ మొత్తం మళ్లీ మోకాలికే బలి. జెట్స్ వదులుకున్నాక 2024లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఒక్క ఏడాది ఒప్పందం మీద చేర్చుకుని కుడి గార్డుగా మార్చింది. 2025 ఫిబ్రవరి 9న జరిగిన సూపర్ బౌల్‌లో ఈగల్స్ కాన్సస్ సిటీ జట్టును 40-22తో ఓడించినప్పుడు ఆ గోడలో బెక్టన్ ఉన్నాడు.

ఇక్కడ మరొకర్ని మరిచిపోకూడదు. అప్పటి ఈగల్స్ లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్. రగ్బీ తప్ప ఈ ఆట ఎన్నడూ ఆడని జోర్డాన్ మైలాటా అనే ఆస్ట్రేలియా కుర్రవాణ్ణి 2018లో ఏడో విడతలో తీసుకుంటే, ఓనమాలు దిద్దించి ఎడమ టాకిల్‌గా తయారుచేసింది ఆయనే. బెక్టన్ గెలిచిన ఆ సూపర్ బౌల్‌లో మైలాటా కూడా అదే గోడలో నిలబడ్డాడు. కుర్చీ మార్చినంత మాత్రాన మనిషి మారడు. కొత్త కుర్చీలో పని నేర్పే మనిషి ఒకరు ఉండాలి. స్థానం మార్చి, నేర్పకుండా వదిలేయడం రెండోసారి చేసే అన్యాయం.

అయినా ఇలా మార్చినప్పుడు జనం అనే మాట ఒకటుంది: "రెండో నంబరు ఎంపికను గార్డుగా ఆడించడమా? ఎంత నష్టం!" కామర్సు చదివినవాణ్ణి గనుక నాకు ఈ మాటలో లెక్క తప్పు కనిపిస్తుంది. కొన్న ధర వేరు, వస్తువు విలువ వేరు. ఒకసారి ఖర్చయిపోయిన డబ్బు రేపటి నిర్ణయాన్ని శాసించకూడదని మొదటి పాఠాల్లోనే చెబుతారు. పైగా ఇక్కడున్నది వస్తువు కాదు, మనిషి. ఎంపిక సంఖ్య అతను రాసిచ్చిన ప్రామిసరీ నోటు కాదు. అది ఎంచుకున్నవాళ్లు వేసిన అంచనా. అంచనా తప్పితే దాని బరువు వేసినవాళ్లు మోయాలి. ఇరవై రెండేళ్ల కుర్రవాడి నెత్తిన దాన్ని అప్పుగా రాసి, జీవితాంతం వడ్డీ వసూలు చేయడం ఏ ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది?

ఇది ఆటలకే పరిమితం కాదు. నేనెరిగిన ఒక అధికారి పోటీ పరీక్షలో మంచి ర్యాంకుతో వచ్చాడు. బ్రాంచి మేనేజరుగా వేశారు. డిపాజిట్ల కోసం పదిమంది గడపలు తొక్కడం, నవ్వుతూ అడగడం అతని వల్ల కాలేదు. రెండేళ్లలో పనికిరానివాడనే పేరు వచ్చింది. తర్వాత ఇన్‌స్పెక్షన్‌కు మార్చారు. మేనేజరుగా ఉన్నప్పుడు చాదస్తం అనిపించుకున్న గుణమే అక్కడ గొప్ప సుగుణమయింది. అతను చూసిన లెడ్జరులో ఇంకొకరు తప్పు పట్టలేకపోయేవారు. అయినా, "పాపం, బ్రాంచి నుంచి దింపేశారు" అనేవాళ్లు చివరిదాకా అన్నారు.

మన భారతం ఈ విషయం ఎప్పుడో ఆలోచించింది. విరాటుడి కొలువులో భీముడు వంటవాడయ్యాడు, అర్జునుడు బృహన్నల పేరుతో నాట్యం నేర్పాడు. అది అజ్ఞాతవాసం, ఇష్టపడి చేసుకున్న మార్పు కాదు. అయినా ఆ వేషాలు ఏడాదిపాటు ఎందుకు నిలిచాయి? ఇంద్రలోకంలో చిత్రసేనుడి దగ్గర అర్జునుడు ఆటపాటలు ముందే నేర్చి ఉన్నాడు. భీముడికి వంటిల్లు కొత్త కాదు. లోపల లేని విద్యను పైనుంచి తొడగలేదు. స్వధర్మం అంటే మనిషి కూర్చున్న ఆసనం అని నేననుకోను, అతనిలోని స్వభావం. ఆ స్వభావానికి తగిన ఆసనం వెతకడం స్వధర్మాన్ని వదలడం కాదు.

అలాగని స్థానం మారిన ప్రతివాడూ గెలుస్తాడని చెప్పను. టిమ్ టీబో 2010లో ఇరవై అయిదో ఎంపికగా డెన్వర్‌కు వెళ్లిన క్వార్టర్‌బ్యాక్. 2012 తర్వాత ఆ స్థానంలో అతనికి లీగ్ ఆటలో చోటు దొరకలేదు. 2021లో జాక్సన్‌విల్ జట్టులో టైట్ ఎండ్ అనే వేరే స్థానానికి ప్రయత్నించాడు. సీజన్ మొదలవక ముందే, ఆగస్టులో, జట్టు వదిలేసింది. అప్పటికతనికి ముప్పై నాలుగేళ్లు. మార్పుకూ ఒక అదను ఉంటుంది. అదను దాటాక నాటిన నారు ఎంత నీరు పెట్టినా నిలవడం కష్టం.

మార్పును కాదనే హక్కు కూడా మనిషికి ఉండాలి. మన వి.వి.యస్. లక్ష్మణ్‌ను చూడండి. ఓపెనరుగా పంపితే సరిగా కుదరలేదు. 2000 జనవరిలో సిడ్నీలో ఆ స్థానంలోనే 167 పరుగులు చేశాడు. అయినా ఇక ఓపెనరుగా దిగనని నిర్ణయించుకున్నాడు. జట్టులో చోటు పోయే ప్రమాదం తెలిసే ఆ మాట అన్నాడు. 2001 మార్చిలో కలకత్తాలో మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో 59 చేశాక, రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానానికి పంపారు. అప్పుడు వెళ్లాడు. 281 చేశాడు. ఒక మార్పును కాదన్నవాడే మరో మార్పుకు తలవంచాడు. తన స్వభావం తనకు తెలియడం అంటే అదే. రోహిత్ శర్మది దీనికి తలకిందులు. మధ్యలో ఆడుతూ నిలకడ లేదనిపించుకున్నవాడు 2013 నుంచి వన్డేల్లో ఓపెనరై వెలిగాడు. టెస్టుల్లో 2019లో విశాఖపట్నంలో తొలిసారి ఓపెనరుగా దిగి రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు. ఒకరిని ముంచిన స్థానమే మరొకరిని తేల్చింది. కనుక మంచి స్థానం, చెడ్డ స్థానం అని విడిగా లేవు.

ఓడిపోతున్నవాడు కొత్త స్థానంలో గెలవగలడా అంటే, గెలవగలడనే నా సమాధానం. కాని అది అతనొక్కడి చేతిలో లేదు. కొత్త పనికి కావలసిన సత్తా అతనిలో ఎంతో కొంత ముందే ఉండాలి. నేర్పేవాడు ఉండాలి. అదను దాటకూడదు. వీటికి మించి, చూసేవాళ్లు పాత కొలబద్ద కింద పెట్టాలి. గార్డుగా మంచి ఆట ఆడుతున్న గాలరీని, కాలేని టాకిల్‌తో పోల్చినంతకాలం అతను ఓడిపోతూనే ఉంటాడు. అందుకు అతను చేయగలిగింది ఏమీ లేదు.

మన ఇళ్లల్లోనూ ఇలాంటి నంబర్లు ఉన్నాయి. ఇంజనీరవుతాడని వేలు పోసి చదివించిన కొడుకు అచ్చు యంత్రాల దుకాణం పెట్టుకుని నీతిగా బతుకుతుంటాడు. డాక్టరు కావలసిన అమ్మాయి బడిలో లెక్కలు చెబుతూ ఊరిచేత మంచి టీచరమ్మ అనిపించుకుంటుంది. వాళ్ల పేరెత్తగానే ఒక నిట్టూర్పు విడిచి, ఏమవ్వాల్సినవాడో అంటాం. ఆ నిట్టూర్పు వాళ్ల చెవిన పడుతుంది. వాళ్లు చేస్తున్న పనిని ఒకసారి దగ్గరగా చూసి, బాగా చేస్తున్నావని చెప్పడానికి మనకు ఖర్చయ్యేది ఏముంది?