రైలు ఆగని స్టేషన్

మాడ్రిడ్ మెట్రో ఒకటో లైన్‌లో ఇగ్లేసియా, బిల్బావో స్టేషన్ల మధ్య చాంబెరి ఉంది. రైళ్లు రోజంతా దాని గుండా పోతుంటాయి, ఒక్కటీ ఆగదు. 1919 అక్టోబరులో సోల్ నుంచి క్వాత్రో కమినోస్ వరకు నడిచిన తొలి మార్గంలోని ఎనిమిది స్టేషన్లలో ఇదొకటి. నేల కిందికి దిగాలంటే జనానికి ఉండే బెరుకును పోగొట్టడానికే వాస్తుశిల్పి ఆంటోనియో పలాసియోస్ గోడలకూ కప్పుకూ తెల్లని మెరుగు పలకలు వేయించి, వెలుగు నలుదిక్కులా పరుచుకునేట్టు చేశాడు. స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో నగర ప్రజలు బాంబుల నుంచి తలదాచుకోవడానికి మెట్రో స్టేషన్లలోకే దిగారు.

1960లలో రైళ్లకు పెట్టెలు పెంచారు. అరవై మీటర్ల ప్లాట్‌ఫారాలను తొంభైకి పొడిగించాల్సి వచ్చింది. చాంబెరి వంపులో ఉంది, పక్క స్టేషన్లేమో మరీ దగ్గర. దాంతో 1966లో మూసేశారు. నాలుగు దశాబ్దాల తర్వాత పలకలు శుభ్రం చేసి, చెడినవాటిని బాగుచేసి, టికెట్ గదులనూ పలకల మీద చిత్రించిన పాత వ్యాపార ప్రకటనలనూ నిలబెట్టి, 2008లో మ్యూజియంగా తెరిచారు. సందర్శకులకూ పట్టాలకూ మధ్య ఇప్పుడు గాజు గోడ ఉంది.

ఇది ఆ స్టేషనేనా? ఇలాంటి ప్రశ్నను భారతీయ దర్శనాలు ఎంతో లోతుగా చర్చించాయి. బౌద్ధ గ్రంథం మిళింద పన్హలో భిక్షువు నాగసేనుడు రాత్రంతా వెలిగే దీపాన్ని చూపిస్తాడు. తొలిజాము జ్వాల, కడజాము జ్వాల ఒకటి కావు, వేరూ కావు. తెగని ప్రవాహమే వాటిని కలుపుతోంది. చాంబెరికి ఈ సమాధానం సగమే సరిపోతుంది. అక్కడ రైళ్ల ప్రవాహం తెగలేదు, ఎక్కి దిగే మనుషుల ప్రవాహం తెగింది. స్టేషన్‌ను స్టేషన్ చేసేది రెండోదే.

అద్వైతులు మరో దారి చూపుతారు. ఎప్పుడో ఎక్కడో చూసిన దేవదత్తుణ్ణి మళ్లీ చూసి ‘ఆ దేవదత్తుడే ఇతడు’ అన్నప్పుడు, అప్పటి దేశకాలాలనూ ఇప్పటి దేశకాలాలనూ వదిలేస్తే మిగిలేది ఒకే మనిషి. చాంబెరి విషయంలో అప్పటి ప్రయాణాన్నీ ఇప్పటి ప్రదర్శననూ వదిలేస్తే ఏం మిగులుతుంది? ఒక సొరంగం, కొన్ని పలకలు. మనిషిలో దేహం, మనసు వంటి ఉపాధులన్నీ తీసేసినా మిగిలే తత్త్వం ఒకటుందని వేదాంతి నమ్ముతాడు. కట్టడానికి అలాంటి అంతరాత్మ లేదు. అది మనుషుల వాడుకలో బతుకుతుంది. కాబట్టి దాని ఏకత్వం రాతిలో కాక, దాన్ని గుర్తుపట్టేవారిలోనే ఉందనడం న్యాయం.

మన నేల మీద నాగార్జునకొండది ఇందుకు తలకిందులైన కథ. సాగర్ జలాశయం లోయను ముంచేయకముందే తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదా అనుపులోనూ తిరిగి నిర్మించారు. అక్కడ చోటు పోయి వస్తువు మిగిలింది. చాంబెరిలో చోటూ వస్తువూ ఉండి పని పోయింది. అయినా రెండుచోట్లా ‘ఇది అదే’ అనే మాట చెల్లుతూనే ఉంది.

అయితే ఆ మాట అందరి నోటా ఒకే ప్రమాణం మీద నిలవదు. 1966కు ముందు అక్కడ రైలెక్కినవారికి అది ప్రత్యభిజ్ఞ, అంటే చూసినదాన్ని మళ్లీ గుర్తుపట్టడం. ఆ తర్వాత పుట్టినవారికి గుర్తుపట్టడానికి ఏమీ లేదు. వారికున్నది శబ్ద ప్రమాణమే, అంటే ఇతరులు చెప్పిన మాటే. చెప్పేవాడు ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, అయితేనే ఆ జ్ఞానం నిలుస్తుందని నైయాయికులు అంటారు. ఇక్కడ చెప్పేవాడు పునరుద్ధరించినవాడే. పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ పునరుద్ధరణను అబద్ధమని అంత తీవ్రంగా నిరసించడం వెనక, కొత్తదే పాతదిగా చెలామణి అవుతుందన్న ఇలాంటి భయం ఉంది. ఫ్రెంచి వాస్తుశిల్పి వియోలె-ల్య-ద్యూక్ మాత్రం ఎన్నడూ లేని పరిపూర్ణతనైనా కట్టడానికి ఇవ్వవచ్చన్నాడు. రస్కిన్ మాటను అక్షరాలా పాటిస్తే చాంబెరి చీకట్లోనే శిథిలమయ్యేది. వియోలె-ల్య-ద్యూక్ మాటను పాటిస్తే సందర్శకుడు మోసపోతాడు. కట్టడాల పరిరక్షణపై 1964 నాటి వెనిస్ పత్రం ఈ రెండింటి నడుమ నిలబడింది: పోయినదాని స్థానంలో కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో ఇమిడిపోవాలి, కానీ అసలు భాగం నుంచి వేరుగా గుర్తించడానికి వీలుండాలి. ఈ కొలతతో చూస్తే చాంబెరిలో ఆ గాజు గోడ అన్నిటికంటే నిజాయితీ గల చేర్పు. అది పాత స్టేషన్‌లో ఎన్నడూ లేదు, ఉన్నట్టు నటించదు. దాని అవతల పోయే రైలు ఇక్కడ ఆగదన్న సంగతిని అది దాచిపెట్టదు.