పరుల ధనము పట్టిన చేయి



పరుల ధనముతో పందెమాడువాడు ధైర్యవంతుడా? వెంటనే ఉత్తరమియ్యక కొంచెము ఆలోచించుము.

అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను ధనసంస్థ 1850లో స్థాపింపబడెను. దాని కడపటి అధిపతిని జనులు గొరిల్లా అని పిలిచెడివారు. నష్టములు కనిపెట్టి హెచ్చరించుచున్న అధికారిణిని 2007లో ఆ స్థానమునుండి తప్పించిరి. 2008 సెప్టెంబరు 15న ఆ సంస్థ దివాలా తీసెను. అప్పు 61,300 కోట్ల డాలర్లు. పెద్దలు అంతకు మునుపే కోట్లకొలది జీతములు తీసికొనియుండిరి. వీధిపాలైనవారు వేలకొలది పనివారు.

ఇది ఒక్క మనుష్యుని దోషమని త్రోసివేయకుము. బార్బర్, ఒడీన్ అను ఆచార్యులు 1991 మొదలు 1997 వరకు 35,000కు పైగా అమెరికా కుటుంబముల వాటాల వ్యాపారమును పరిశీలించి 2001లో ప్రకటించిరి. పురుషులు స్త్రీలకంటె నూటికి 45 వంతులు ఎక్కువగా కొని అమ్మిరి. ఆ తొందరవలన వారి రాబడి ఏటా నూటికి 2.65 చొప్పున తరిగెను, స్త్రీలది 1.72 మాత్రమే. తనకే తెలియునను అతినమ్మకమే దీనికి మూలమని వారు తలంచిరి.

అయితే తెగింపు తప్పా? కాదు. వాన పడునో పడదో తెలియకయే రైతు విత్తనము చల్లును. కాని పంట పోయినయెడల ఆకలి మొదట అతని యింటనే. పెద్ద పీటమీది వానికి ఆ భయము లేదు. లాభము తనది, నష్టము పరులది. తనకున్న ఆ చాటునే అతడు తన శౌర్యమని భ్రమపడును.

మరియొక పురుషుని చూడుము. జర్మనీ దేశమున రైఫైజన్ అను గ్రామాధికారి 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అను ఊరిలో పరపతి సంఘము నెలకొల్పెను. సభ్యులందరును తమ సమస్త ఆస్తితో సంఘపు అప్పునకు పూచీపడిరి. నడిపించు పెద్దలకు జీతము లేదు. మన దేశమున 1904లో వచ్చిన సహకార పరపతి సంఘముల చట్టమునకు ఈ పద్ధతియు ఒక మాదిరి. అతడును అధికారియే, మగవాడే. అయితే తప్పు జరిగిన దినమున నష్టము తనకును తగులునట్లు ఏర్పాటు చేసికొనెను. అప్పగింపబడిన ధనమును కాపాడువాని మగతనము ఇదియే.

చదువరీ, నీవు ధనసంస్థకు అధిపతివి కావు. అయినను ఇంటి పెట్టె తాళము నీ మొలనున్నది. సంఘపు చందా సొమ్ము నీ చేతిలో నుండవచ్చును. నీవు చేవ్రాలు చేసిన అప్పునకై నీ భార్య మెడలోని బంగారము కుదువకు పోవునేమో. ఆమెను ముందుగా అడిగితివా? వద్దని ఆమె చెప్పినప్పుడు, ఆడదానికేమి తెలియునంటివా?

రేపు పత్రముమీద చేయి పెట్టకమునుపు ఆమె యెదుట కూర్చుండి లెక్క చెప్పుము. చెప్పుటకు వెనుదీసితివేని, ఆ అప్పు చేయకుము.