గ్రుడ్డిగుఱ్ఱమునకు దాణా

“గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు” అని తెలుగునాట ఒక సామెత కలదు. పనికి వెనుకాడుచు తిండికి మాత్రము ముందుండు వానిని ఎత్తిపొడుచుటకు దీనిని వాడుదురు. విన్నవారు నవ్వుదురు. ఆ నవ్వులో గుఱ్ఱమును గూర్చి తలచువా రుండరు. కన్నులున్న కాలమున అది ఎవరి బండి లాగెనో, ఎవరిని మోసెనో సామెత చెప్పదు. ఐనను ఒక సంగతి మాత్రము అందు దాగియున్నది. ఆ యజమాని దానికి దాణా తగ్గింపలేదు; అందులకే అతడు నవ్వులపాలయ్యెను. అతడు చేసినది తెలివితక్కువతనమా, ధర్మమా?

ఈ ప్రశ్నకు సమాధానము తేలికగా చెప్పవచ్చుననుకొనుట పొరపాటు. జట్కా తోలి బ్రతుకు వానికి గుఱ్ఱము కుంటువడిన నాడే ఇంటి సంపాదనయు కుంటువడును. ఉలవలు కొనవలెను, బియ్యము కొనవలెను. చేతనున్న డబ్బు రెంటికిని చాలదు. అతడు పిల్లలవైపు మొగ్గినచో తప్పుపట్టగలవా రెవరు? ఎన్నడును ఒక పశువునైనను పోషింపనివారు అహింసాధర్మమును అతనికి బోధించుట మిక్కిలి సులభము. కావున ఈ విచారణ అతనిని నిందించుటతో ఆరంభము కారాదు.

కౌటిల్యుని మెత్తని హృదయము గలవాడని ఎవరును అనరు. కాసు లెక్క తప్పని ఆ రాజనీతిజ్ఞుడు అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని విధులు చెప్పుచు, యుద్ధముచేతను వ్యాధిచేతను ముసలితనముచేతను పనిభారముచేతను క్షీణించిన గుఱ్ఱములకు జీవనమునకు వలసిన గ్రాసము నీయవలెనని విధించెను. చికిత్సలోని అశ్రద్ధచే వ్యాధి ముదిరినచో చికిత్సకైన వ్యయమునకు ఇబ్బడి దండుగ యనెను. గమనింపదగినది ఏమనగా, ఈ గ్రాసమును అతడు దానధర్మముల పద్దులో వ్రాయలేదు. గుఱ్ఱపుసాలల నిర్వహణలోనే చేర్చెను. గుఱ్ఱమును కొనునపుడే దాని ముసలితనమును గూడ కొనుచున్నామని అతని లెక్క. మనవారు వేళాకోళము చేసిన గ్రుడ్డిగుఱ్ఱపు దాణా మగధరాజ్యనీతిలో శాసనమై నిలిచినది. ఆ వంశపు అశోకుడు మనుష్యులకును పశువులకును చికిత్సలు ఏర్పఱచితినని చెక్కించిన మాట నేటికిని కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై కలదు.

లెక్కలో పశువు ముసలితనమును చేర్చనిచో ఏమగునో చూపుటకు అండమాను దీవుల కథ యొకటి చాలును. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరు నగరము గల దక్షిణ అండమాను జిల్లాలో, ఫెరార్‌గంజ్ తహసీలున తుష్నాబాద్ అను పల్లె యున్నది. ఇతరదేశములలో గుఱ్ఱముచేత చేయించుకొను బరువుపనిని ఆ దీవుల అడవులలో ఏనుగుచేత చేయించుకొనిరి. 19వ శతాబ్ది చివరనుండి ప్రధానభూమిలోని ఏనుగులను ఓడలపై తెచ్చి, నఱికిన దుంగలను లాగించిరి. ఓడ దాటువఱకు ఓడమల్లయ్య, దాటినపిదప బోడిమల్లయ్య యనునది మనుష్యులయెడల మాత్రమే చెల్లు మాట కాదు. మధ్య అండమానునకు పడమట ఇంటర్‌వ్యూ అను దీవియందు కలప కొట్టించిన ఒక ప్రైవేటు కంపెనీ, వ్యాపారము చెడి, 1962 ప్రాంతమున దాదాపు 40 ఏనుగులను అచ్చటనే విడిచి వెడలిపోయెను.

విడిచెను అను ఈ మాటను కొంచెము పరిశీలింపవలెను. తెలుగున ఖైదీని విడిచిపెట్టుదురు, బిడ్డను నడివీధిలో విడిచిపెట్టుదురు. ఒకటి విముక్తి, రెండవది ద్రోహము; క్రియ మాత్ర మొక్కటే. గొలుసు విప్పిన వాని మనస్సులో ఏ యర్థమున్నదో ఏనుగునకు తెలియదు. వానికిని తెలియకపోవచ్చును. చేతులు దులుపుకొను వేళ ఎవరికైనను అది స్వేచ్ఛాదానమువలెనే తోచును. 1858 నుండి శిక్షాస్థలముగా నున్న ఆ దీవులలో, ఖైదీలను సైతము కొంతకాలము పిమ్మట స్వయంపోషకులుగా చేసి, సేద్యమునకు భూమి నిచ్చి పల్లెలలో నిలిపిన వాడుక యుండెను. కఠినమని పేరుపడిన ప్రభుత్వమే, విడిచినవాడు ఎట్లు బ్రతుకునని ఆ మాత్రము ఆలోచించెను. ఏనుగుల విషయమున ఆ ఆలోచనయు లేకపోయెను.

ఐనను ఏనుగులు బ్రతికినవి. పిల్లలను కూడ పెట్టినవి. అవి తమ సహజస్థితికి చేరలేదా, మఱి ఇందు దోష మేమి యని అడుగువా రుందురు. సమంజసమైన ప్రశ్నయే. కాని ఆ దీవి ఏనుగులకు పుట్టినిల్లు కాదు. ఏనుగు నెఱుగని ఆ యడవిలో అవి చెట్ల బెరడు నొలిచి, వెదురును పేమును మేసి, వనమును క్షీణింపజేసెనని పరిశోధకులు గుర్తించిరి. కంపెనీ తీర్పని బాకీని చెట్లు తీర్చినవి. ఒక ప్రాణిపై దయ యనుకొన్నది వేఱొక ప్రాణిసమూహముపై పడిన భారమయ్యెను. గుఱ్ఱము సంగతి ఇంతకంటె విషమము. తెలుగు పట్టణములలో రిక్షాలు, ఆటోలు వచ్చి జట్కాలు పోయినపుడు, సాలలో పుట్టి సాలలో పెరిగిన గుఱ్ఱమును చెత్తకుప్పల నడుమ విడుచుట ఏ యర్థమునను విముక్తి కానేరదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టము ఈ భేదమును గుర్తించినది. ఆకలిదప్పులచే బాధపడు స్థితిలో ప్రాణిని తగిన కారణము లేక వదలివేయుట నేరమని అందు కలదు. ఈ చట్టము వచ్చుటకు రాజ్యసభలో పాటుపడినది శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. ఐతే మొదటి నేరమునకు జుల్మానా 10 రూపాయలనుండి 50 రూపాయలవఱకు మాత్రమే. నేటి ధరలలో అది ఒక పూట గ్రాసమునకైనను చాలదు.

చట్టము చేయలేనిది ఒక్కొక్కప్పుడు ఒక వ్యక్తి హృదయము చేయును. 1930లో డొరొతీ బ్రూక్ అను ఆంగ్లవనిత సైన్యాధికారియగు భర్తతో కైరో నగరమునకు వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున సేవచేసి, పిమ్మట అచ్చటనే అమ్ముడుపోయిన సైనికాశ్వములు ఎముకలగూళ్లై వీధులలో బండ్లు లాగుచుండుట చూచెను. స్వదేశపత్రికకు లేఖ వ్రాసి, విరాళములు కూర్చి, మూడు సంవత్సరములలో సుమారు 5,000 గుఱ్ఱములను కొని విడిపించెను. 1934లో వానికై వైద్యశాల స్థాపించెను. ఆమె ఆ గుఱ్ఱముల యజమానులను తిట్టలేదు. వారును నిరుపేదలే యని గ్రహించి, వెలయిచ్చి కొనెను. జట్కావానిని గూర్చిన ప్రశ్నకు పుస్తకములలో దొరకని సమాధానము ఇందు కొంత దొరకును. పోషింపలేనివాని భారమును, పోషింపవలెనన్నవారు పంచుకొనవలెను.

కాని ఆ విడిపించిన వానిలో పెక్కింటికి ఆమె ఈయగలిగినది కొలది దినముల విశ్రాంతి, మెత్తని పడక, తనివితీర గ్రాసము, తరువాత నొప్పిలేని మరణము. ఇచ్చట హిందూ హృదయము తల్లడిల్లును. 1928లో గాంధీమహాత్ముడు సబర్మతీ ఆశ్రమమున నయము కాని బాధతోనున్న దూడకు మరణము నిప్పించినపుడు దేశమున చెలరేగిన అలజడి తెలిసినదే. ప్రాణమిచ్చువాడు వేఱొక్కడుండగా తీయుటకు మనకేమి హక్కని ఒక పక్షము. చూచుచు బాధపడనిచ్చుట అహింసయగునా యని వేఱొక పక్షము. ఈ వివాదము ఇచ్చట తీరునది కాదు. ఒక్కటి మాత్రము చెప్పవచ్చును. గాంధీజీ ఆ దూడకు ముందు శుశ్రూష చేయించెను, వైద్యుల నడిగెను. సేవకు శక్తియుండియు, ఖర్చునకు వెనుకాడి “బాధనుండి విడిపించితిమి” అను మాట చాటున దాగుట వేఱు.

దయ కలిగినంతమాత్రమున సేవ తెలిసినట్లు కాదు. ఆకలిచే డొక్కలెండిన గుఱ్ఱమును చూచినంతనే దాని ముందు గంపెడు ఉలవగుగ్గిళ్లు పోయవలెనని మనస్సు త్వరపడును. అదియే దాని ప్రాణమునకు ముప్పు. బహుదినములు శుష్కించిన దేహమునకు ఒక్కసారిగా గింజలు పడినచో రక్తములోని భాస్వరము, పొటాషియము హఠాత్తుగా తగ్గి, గుండె ఆగి, కడుపు నిండిన గుఱ్ఱము కొలది దినములలో మరణింపవచ్చును. మంచి యెండుగడ్డిని గుప్పెడు గుప్పెడుగా దినమునకు పలుమాఱులిచ్చి, కొన్నాళ్లకు గాని పెంచరాదు. పెరిగిన గిట్టలను చెక్కించి, ఆ పిదప ఆఱెనిమిది వారముల కొకసారి సరిచేయించుచుండవలెను. పదునెక్కిన పండ్లను ఆకురాయిచే అరగదీయింపవలెను. తిరిగి కండ పట్టుటకు నెలలు పట్టును. కొట్టిన చేతిని మఱచుట కంతకంటె నెక్కువ కాలము పట్టవచ్చును. విరాటుని కొలువున నకులుడు దామగ్రంథియను పేర గుఱ్ఱముల గాపాడెను. రాజపుత్రునకు ఆ విద్య చిన్నతనమని భారతము తలపలేదు.

అంతకంటె ఆశ్చర్యకరమైన ఘట్టము ద్రోణపర్వమున నున్నది. సైంధవవధకు ప్రతిన పూనిన దినమది, ప్రొద్దు క్రుంకులోపల పని తీరవలెను, ప్రతిక్షణము విలువైనది. గుఱ్ఱములు బాణములు నాటి డస్సిపోయినవి. అర్జునుడు యుద్ధరంగమధ్యమున బాణముతో నేలను చీల్చి కొలను కల్పించి, శరములతో ఇల్లు కట్టెను. శ్రీకృష్ణుడు కాడి విప్పి, బాణము లూడబెఱికి, స్వహస్తములతో నిమిరి, నీరు త్రాగించి మేపెను. శత్రుసైన్యము చూచుచు నిలిచిపోయెను. గీతను విని అనేకులు ధన్యులైరి. ఈ సేవను గమనించిన వారు తక్కువ.

ఆ గుఱ్ఱములు మరల రథము లాగవలసినవే కదా, కాన అది అవసరముచే చేసిన సేవయే యని ఒకరు అనవచ్చును. నిజమే. మరల ఎన్నడును లాగనవసరము లేని ప్రాణియెడల మనుష్యుడేమి చేయుననునదే అసలు పరీక్ష. 1884లో దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు జీవులపై దయ యను మాటను ఒప్పక, శివబుద్ధితో జీవసేవ యని సవరించిరి; నరేంద్రు డది విని హృదయమున నిలుపుకొనెను. దయ యన్నచో ఇచ్చువాడు పైన నుండును, ఆపవచ్చును గూడ. సేవకు, ఋణమునకు ఆ వెసులుబాటు లేదు.

2002లో సుప్రీముకోర్టు ఉత్తరువుచే అండమానులలో సహజారణ్యములను నఱకుట నిలిచిపోయెను. అడవికి మేలైనది, దుంగలు లాగు ఏనుగులకు పని పోయినది. హేవ్‌లాక్ దీవిలో, అనగా 2018 నుండి స్వరాజ్ ద్వీపమనబడుచున్న చోట, రాజన్ అను ముసలి ఏనుగు అట్లు మిగిలిపోయెను. సముద్రమున ఈదుటకు అలవాటుపడిన ఆ ఏనుగును ప్రధానభూమిలో దేవాలయమునకు అమ్ముటకు ప్రయత్నము జరిగెను. దానిని ఎఱిగినవారు, దూరదేశములవారు గూడ ధనము సమకూర్చుటలో తోడ్పడగా, అచ్చటి విడిది యొకటి దానిని కొని ఆ దీవిలోనే నిలిపెను. దానికి పని యేమియు లేదు. పగలు అడవిలో మేయుచు, చెట్లనీడ నిలుచుచు, మావటితో కడలియొడ్డున తిరుగుచు శేషజీవితము గడపి, 2016లో 66 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.