ఇరుసుకు ఆయువెంత?

తెలుగువారు నేడు ప్రమాదమనే మాటను ఒక సంఘటనకు పేరుగా వాడుతున్నారు: బండి జారిపడితే ప్రమాదం, లారీ గుద్దితే ప్రమాదం, ఎవరికీ దెబ్బ తగలకుండా గట్టెక్కితే తృటిలో తప్పిన ప్రమాదం. సంస్కృతంలో ఈ పదం మొదట సంఘటనను కాక ఒక మనఃస్థితిని చెప్పేది. మత్తును, మైమరపును తెలిపే ‘మద్’ ధాతువుకు ‘ప్ర’ అనే ఉపసర్గ చేరగా ఏర్పడిన ప్రమాదశబ్దానికి ఏమరుపాటు, పరాకు, చేయవలసినదేదో తెలిసి కూడా దానిని జారవిడవడం అనేవి మూలార్థాలు. ఆ లెక్కన రోడ్డు మీద కంటికి కనిపించేది ప్రమాదఫలం మాత్రమే. అసలు ప్రమాదం అంతకు క్షణం ముందో, నెల ముందో, నడిపేవాని మనసులో జరిగిపోయి ఉంటుంది. ‘ప్రమాదవశాత్తు’ అనే మాటలో ఈ అర్థపు జారుడు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఏమరుపాటు వల్ల అని చెప్పవలసిన ఆ పదం పత్రికల భాషలో ఎవరి తప్పూ లేకుండా అనే అర్థానికి వచ్చి, తప్పు పట్టవలసిన చోటనే తప్పును మాఫీ చేస్తున్నది. మోటారు సైకిల్ మీద వచ్చే చావును దైవానికి వదలాలా, పురుషకారానికి, అంటే మనిషి చేసిన, చేయని ప్రయత్నానికి లెక్క కట్టాలా అనే పాత ప్రశ్న ఈ ఒక్క మాటలోనే ముడిపడి ఉంది.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలోని రోడ్ల మీద 1,68,491 మంది చనిపోగా వారిలో 44.5 శాతం ద్విచక్రవాహనాల మీద ఉన్నవారే; హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. ఇటువంటి చావు విన్నప్పుడు తెలుగు ఇళ్లలో సాధారణంగా వినిపించే మాట ‘భూమ్మీద నూకలు చెల్లాయి’ అన్నది. పోయినవారి ఇంట ఆ మాటకు విలువ ఉంది, ఎందుకంటే మిగిలినవారిని తమను తాము తిట్టుకోకుండా అది కాపాడుతుంది. అదే మాటను బండి తీయబోతూ, హెల్మెట్‌ను అద్దానికి తగిలించి, ముందుగానే చెప్పుకునేవారి విషయం వేరు. నూకల లెక్కను అంతగా నమ్మేవారు కూడా ట్యాంకులో పెట్రోలు సంగతిని మాత్రం దైవానికి వదలరన్నది గమనించదగినది.

ఆయువు ముందే నిర్ణయమై ఉంటుందా, ఉండదా అన్న ప్రశ్నను భారతీయ గ్రంథాలలో సూటిగా చర్చించినవాటిలో చరకసంహిత ఒకటి. ఆ గ్రంథం విమానస్థానంలోని మూడవ అధ్యాయంలో, గంగాతీరాన ఉన్న కాంపిల్యనగరంలో, అగ్నివేశుడు తన గురువైన ఆత్రేయ పునర్వసువును ఇదే అడుగుతాడు. ఆత్రేయుడు ఆయువు దైవం, పురుషకారం రెండింటి మీదా ఆధారపడుతుందని, ఇక్కడ దైవమంటే పూర్వజన్మలో తాను చేసుకున్నదేనని, పురుషకారమంటే ఈ జన్మలో చేసేదని వివరించి, బలమైన పురుషకారం దుర్బలమైన దైవాన్ని అణచగలదంటాడు. అంతా నియతమే అయితే మంత్రాలకు, మందులకు, మదపుటేనుగుకు దారి ఇచ్చి తప్పుకోవడానికి అర్థమే ఉండదన్నది ఆయన వాదం. అప్పుడు శిష్యుడు కాలమృత్యువు, అకాలమృత్యువు అంటే ఏమిటని అడుగగా, వైద్యుడైన ఆత్రేయుడు ఎంచుకున్న ఉపమానం శరీరానికి సంబంధించినది కాదు. అది బండి ఇరుసు.

మంచి కర్రతో సరిగ్గా చేసిన ఇరుసు సరిగ్గా నడిపితే తన ప్రమాణం మేరకు అరిగి, తన కాలానికి తాను ముగుస్తుంది, దానినే కాలమృత్యువంటారు. అదే ఇరుసు మితిమీరిన బరువు వల్ల, ఎగుడుదిగుడు దారి వల్ల, దారి కాని దారిన పోవడం వల్ల, చక్రం విరగడం వల్ల, లాగే పశువులోనో తోలేవానిలోనో ఉన్న దోషం వల్ల, చక్రం ఊడకుండా చివర దిగగొట్టిన చీల జారిపోవడం వల్ల, కందెన వేయకపోవడం వల్ల, బండి బోల్తా పడడం వల్ల నడుమనే విరిగిపోతుంది; అది అకాలమృత్యువు. రెండు వేల ఏళ్లకు అటూ ఇటూ వయసున్న ఈ పట్టికను చదివే నేటి మెకానిక్కుకు పరాయితనం అనిపించదు. ఇందులోని ఒక్కొక్క కారణానికీ ఇప్పటి బండిలో ఒక చోటు ఉంది.

మితిమీరిన బరువు సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను నడిపేవానితో పాటు ఒక్కరినే అనుమతిస్తున్నది, మూడో మనిషి ఎక్కినప్పుడు బ్రేకు, వెనుక టైరు, హ్యాండిల్ మూడూ తమకు లెక్క వేయని బరువును మోస్తాయి. కందెన సంగతి మాత్రం వివరంగా చూడదగినది. ఎడ్లబండి ఇరుసుకు పూసిన కందెన చేసే పనిని మోటారు సైకిల్‌లో చైను మీది ఆయిలు చేస్తుంది, గొలుసు బయటికి తెరిచి ఉన్న బండ్లలో దుమ్ము, వాన ఆ ఆయిలును త్వరగా లాగేస్తాయి కనుక సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి చైనును తుడిచి మళ్లీ పూయడం మంచిది. చైను వదులు చాలా బండ్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, కచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. మరీ వదులైన చైను స్ప్రాకెట్ పళ్ల మీది నుంచి ఊడి వెనుక చక్రాన్ని బిగించివేయగలదు, మరీ బిగుతైనది బేరింగులను తినేస్తుంది. ఆత్రేయుడు చెప్పిన చీల నేడు ఇరుసు నట్టుగా, కొన్ని బండ్లలో దానికి అడ్డంగా గుచ్చే స్ప్లిట్ పిన్నుగా మిగిలింది. పంక్చరు వేయించుకున్న ప్రతిసారీ చక్రం విప్పి బిగించి ఉంటారు గనుక, ఆ నట్టును ఒకసారి చూసుకొని బయలుదేరడం పాతకాలపు బండివాని అలవాటుకు కొనసాగింపే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. బ్రేకు షూ అరిగిన సంగతి తెలియని మనిషి సిగ్నల్ దగ్గర బండిని ఆపలేకపోతే ఆ లోపాన్ని అతని పురుషకారానికి ఎలా ముడిపెట్టగలమన్నది ఆ ఆక్షేపణ. చేసిన కర్మకు, చాలాకాలానికి గాని రాని ఫలానికి నడుమ వంతెన ఏమిటని మీమాంసకులకు కూడా ఒకప్పుడు ఇటువంటి చిక్కే ఎదురైంది. యజ్ఞం ఈనాడు ముగిసిపోతే స్వర్గం ఏనాడో ఎలా వస్తుందన్న ప్రశ్నకు వారు కర్మనుంచి పుట్టి ఫలం వచ్చేదాకా నిలిచి ఉండే కనపడని శక్తి ఒకటి ఉందని బదులిచ్చి, దానిని అపూర్వమని పిలిచారు. ఇతర దర్శనాలు దాదాపు ఇదే భావానికి అదృష్టమనే పేరు వాడాయి. దృష్టం కానిది, అంటే కంటికి అందనిది, అదృష్టం. అరిగిన బ్రేకు షూ, పగుళ్లు పడిన టైరు పక్కభాగం, తీగలు ఒక్కొక్కటిగా తెగుతున్న క్లచ్ కేబుల్, ఇవన్నీ చేసిన నిర్లక్ష్యానికీ రాబోయే ఫలానికీ నడుమ నిలిచి ఉన్న శక్తులే. మీమాంసకుని అపూర్వానికీ వీటికీ ఉన్న తేడా ఒక్కటే: ఇవి వంగి చూస్తే కనిపిస్తాయి. డిస్క్ బ్రేకులోని ద్రవం గాలిలోని తేమను పీల్చుకొని, క్రమంగా తక్కువ వేడికే మరిగిపోయే స్థితికి వస్తుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకు ఒకసారి దానిని మార్చమంటారు. ఆ ద్రవాన్ని మార్చని యజమాని ఘాట్ రోడ్డు దిగుతూ లీవరు మెత్తబడినప్పుడు తన అదృష్టాన్ని తిట్టుకుంటే, వ్యుత్పత్తి ప్రకారం ఆయన సరైన మాటే వాడినట్టు.

ప్రమాదాన్ని మనఃస్థితిగా అందరికంటె సూక్ష్మంగా విడదీసినవారు జైనులు. మహాభారతం ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునికి ప్రమాదానికీ మృత్యువుకూ భేదం లేదని బోధిస్తాడు, పతంజలి యోగసూత్రాలు చిత్తానికి కలిగే తొమ్మిది అంతరాయాలలో ప్రమాదాన్ని లెక్కిస్తాయి, ధమ్మపదం రెండవ వర్గమంతా అప్రమాదానికే కేటాయించింది. అయితే ఈ గ్రంథాల దృష్టి ప్రధానంగా ముక్తిమార్గంలోని ఏమరుపాటు మీదనే గాని దారి మీది ఏమరుపాటు మీద కాదని ఒప్పుకోవాలి. జైనులకు ఆ రెండూ ఒక్కటే, ఎందుకంటే వారి శ్రమణులు నడిచే దారిలోనే ప్రాణులున్నాయి. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ ప్రాణం పోవడాన్ని మాత్రమే కాక, ప్రమత్తయోగం వల్ల, అంటే ఏమరిన మనోవాక్కాయాల వల్ల, అది పోవడాన్ని హింస అన్నది. వ్యాఖ్యాత పూజ్యపాదుడు దీనిని వివరిస్తూ, జాగ్రత్తగా చూసి అడుగు వేస్తున్న ముని పాదం కిందికి హఠాత్తుగా ఒక పురుగు వచ్చి చనిపోతే ఆ మునికి బంధం అంటదని, ఏమరిన నడకవానికి మాత్రం ప్రాణి చచ్చినా బతికినా హింసాదోషం తప్పదని చెబుతాడు. గల్లీ మలుపులో చూడకుండా దూసుకుపోయి, ఎదురుగా పిల్లవాడెవడూ లేనందువల్ల క్షేమంగా బయటపడిన యువకుడు ఈ లెక్కలో నిర్దోషి కాడు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను కూడా దుడుకుతనం, నిర్లక్ష్యం అనే మనఃస్థితులనే చూస్తున్నది గాని, చావు సంభవించేదాకా ఆ సెక్షను కదలదు. జైనశాస్త్రం అంతవరకు ఆగదు.

పదవ శతాబ్దికి చెందిన నేమిచంద్రుడు తన గోమ్మటసారంలో ప్రమాదాలను పదిహేనుగా లెక్కించాడు: నాలుగు వికథలు, అంటే తిండి గురించి, దేశం గురించి, రాజుల గురించి సాగే పనికిమాలిన కబుర్ల వంటివి, క్రోధం, మానం, మాయ, లోభం అనే నాలుగు కషాయాలు, ఐదు ఇంద్రియాల లౌల్యం, నిద్ర, మమకారం. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకొని సాగే కబురును, ఓవర్‌టేక్ చేసినవాణ్ని వెంటాడే అహంకారాన్ని, తెల్లవారుజామున హైవే మీద వాలే కనురెప్పలను ఈ పట్టికలో ఎక్కడ చేర్చాలో వెతకవలసిన పని లేదు. మద్యం సంగతి ధాతువులోనే ఉంది; చట్టం దానికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములనే హద్దు గీసింది.

శ్రమణుని ఐదు సమితులలో, అంటే ప్రవర్తనలో పాటించవలసిన జాగ్రత్తలలో, మొదటిదైన ఈర్యాసమితి నడకకు సంబంధించినది: కాడి పొడవు మేర, సుమారు నాలుగు మూరలు, ముందు నేలను చూస్తూ నడవాలి. కాలినడకకు ఆ దూరం చాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 16.7 మీటర్లు కదులుతుంది, ఆపదను చూసి బ్రేకు పట్టడానికే సుమారు ఒక సెకను పోతుంది, ఆ తరువాత ఆగడానికి పట్టే దూరం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. కనుక 40 నుంచి 60కి పోయినవానికి వేగం ఒకటిన్నర రెట్లే పెరిగినా ఆ దూరం రెండుంబావు రెట్లు అవుతుంది. అంటే కాడి పొడవు వేగంతో పాటు సాగుతూ పోతుంది, చూపు మాత్రం ముందు చక్రం దగ్గరే ఉండిపోతుంది. బ్రేకు పట్టినప్పుడు బరువు ముందుకు వాలి, పట్టులో అధికభాగం ముందు చక్రానికే చేరుతుందని తెలియక, కిందపడతామన్న భయంతో వెనుక బ్రేకునే తొక్కేవారు ఇప్పటికీ ఎందరో. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకోకుండా ఆపే ఏబీఎస్, అంతకు లోపువాటికి రెండు బ్రేకులను కలిపి పనిచేయించే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. అవి చేతి పొరపాటును కొంత సరిదిద్దగలవు, చూడని కంటికి మాత్రం సాయపడలేవు.

మరొక జైన నియమం బండి సంరక్షణకు మరింత దగ్గరగా ఉంది. శ్రమణులు రోజుకు రెండుసార్లు తమ వస్త్రాలను, పాత్రలను విప్పి, తిప్పి, ప్రాణులేమైనా ఉన్నాయేమో పరిశీలిస్తారు. దీనిని ప్రతిలేఖన అంటారు. రాబర్ట్ పిర్సిగ్ 1974లో బండి మరమ్మతును తత్త్వవిచారంతో కలిపి రాసిన నవలకు లోకమంతటా పేరు వచ్చింది గాని, వాడే వస్తువును రోజూ చూడడమే ధర్మాచరణ అనే భావం అంతకంటె ఎంతో పాతది. బయలుదేరే ముందు టైరును బొటనవేలితో నొక్కి చూడడం, రెండు లీవర్లను పట్టి వదలడం, బ్రేకు లైటు వెలుగుతున్నదో లేదో గోడ మీద పడే ఎర్రటి కాంతిని బట్టి తెలుసుకోవడం, సైడ్ స్టాండు పూర్తిగా పైకి లేచిందని నిశ్చయించుకోవడం, వెనుక కూర్చున్నవారి చీరకొంగు చక్రానికి దూరంగా ఉందా అని చూడడం, ఇవి ఒక నిమిషంలో ముగిసే ప్రతిలేఖన. టైరు గాలిని మాత్రం వేలితో కాక గేజీతో, బండి చల్లగా ఉన్నప్పుడు, వారానికోసారి కొలవాలి.

ఈ దృష్టితో చూస్తే వాహనపూజను హేళన చేయవలసిన పని లేదు. మహర్నవమి నాటి ఆయుధపూజకైనా, విజయవాడ ఇంద్రకీలాద్రి దగ్గరో కొండగట్టు అంజన్న సన్నిధిలోనో కొత్త బండికి చేయించే పూజకైనా ముందు జరిగేది కడగడం; ఏడాదంతా మట్టి కింద దాగిన ఫోర్క్ ఆయిల్ లీకు, తుప్పు పట్టిన స్పోకు, వదులైన బోల్టు ఆ కడుగులో బయటపడతాయి. పసుపు రాసే వేలికి టైరు మీది గాట్లు తగులుతాయి. అయితే పూజ ముగిసినాక నిమ్మకాయలను తొక్కించిన టైరు నున్నగా అరిగి ఉండడం, బంతిపూల దండ హెడ్‌లైటును కప్పి హ్యాండిలుకు అడ్డు తగలడం అరుదేమీ కాదు. అటువంటి చోట పూజ పురుషకారాన్ని దైవానికి అప్పగించే దస్తావేజు అవుతున్నది. రథం ఒంటి చక్రంతో కదలనట్టే పురుషకారం లేని దైవం ఫలించదని యాజ్ఞవల్క్యస్మృతి చేసిన పోలిక రెండు చక్రాల బండికి ఇంకా బాగా అతుకుతుంది.

ఇంతా చేసినా మిగిలేది ఒకటి ఉంది. చీకట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్, వాననీటితో నిండిన గుంత, హఠాత్తుగా అడ్డం వచ్చిన గేదె, ఎదుటివాని ప్రమాదం, వీటిని ఏ అప్రమత్తతా పూర్తిగా తొలగించలేదు. పూజ్యపాదుని పురుగులాగే ఇక్కడ బండి మీది మనిషి తన తప్పు లేకుండానే మరొకరి అడుగు కింద పడవచ్చు. హెల్మెట్ ఆ మిగిలిన భాగం కోసం పెట్టుకునేది. అది ధరించినవాడు తన నేర్పును శంకిస్తున్నట్టు కాదు, తన నేర్పుకు అందనిది ఉందని ఒప్పుకుంటున్నట్టు. దైవాన్ని నిజంగా నమ్మేవాని లక్షణం అదే అనవచ్చు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో హెల్మెట్ చావు అవకాశాన్ని సుమారు 42 శాతం, తల గాయాన్ని సుమారు 69 శాతం తగ్గిస్తుందని తేలింది. వందకు వంద కాలేదు, ఆ లోటు దైవానిది. భారతీయ ప్రమాణమైన ఐఎస్ 4151 ముద్ర ఉన్న హెల్మెట్‌లో గట్టి చిప్ప కింద ఉండే నురగపొర దెబ్బ శక్తిని తాను నలిగిపోయి మింగుతుంది, గడ్డం కింది పట్టీ బిగించకపోతే ఆ దెబ్బ తగిలేలోపే హెల్మెట్ తలను వదిలిపోతుంది. నలిగిన పొర మళ్లీ లేవదు, పైచిప్ప మాత్రం కొత్తదానిలాగే మెరుస్తూ ఉంటుంది. అందుకే ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్‌ను తమ్ముడికో పనివాడికో ఇవ్వకుండా, మరెవరూ వాడలేనట్టు పట్టీ కోసి పారవేయవలసి ఉంటుంది.