జిడ్డుకి జిడ్డే మందు

మొహం కడుక్కోవడం మీద కూడా వ్యాసమా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. మొదట నేనూ నవ్వాను. విశాఖపట్నంలో చదువుకుంటున్న మా అమ్మాయి శివరాత్రి సెలవుకి వస్తూ ఓ చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇకనుంచి సబ్బు మానేసి దీంతో మొహం కడుక్కో," అంది. మూత తీసి చూద్దును కదా, నూనె!

"ఉన్న జిడ్డు చాలక పైనుంచి ఇంకో జిడ్డా?" అన్నాను.

అప్పుడు మేం రామతీర్థంలో మా మేనత్త ఇంట్లో ఉన్నాం. విజయనగరానికి 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల దాటాక వచ్చే ఊరది. పేరు రాముడిదే అయినా శివరాత్రి జాతరకి ఇసకేస్తే రాలనంత జనం. ఒక కొండమీద బౌద్ధుల ఇటుక గోడలు, మరో కొండమీద జైనుల విగ్రహాలు, కింద రాముడూ, శివుడూ. అందరూ ఇరుగుపొరుగుల్లా సర్దుకుపోయిన చోటు.

జాతరలో తిరిగొచ్చేసరికి కాటుకా, చెమటా, దుమ్మూ కలిసి నా మొహం గుర్తుపట్టేలా లేదు. నూతి దగ్గర నిలబడి సబ్బుతో బరబరా రుద్దుతున్నాను. కళ్ళు మండుతున్నాయి గాని కాటుక మాత్రం ససేమిరా కదలదు. అత్త చూసి నవ్వింది.

"ఏటే, అలా గీకీస్తన్నావు? మొకమా, మాడిన గిన్నా? కాటిక ఆవదంలో పుట్టింది. సవురు మాట ఇంటాది గానీ నీల్ల మాట ఇంటాదేటి?"

నువ్వుల నూనె రెండు చుక్కలు వేలితో రాసి, మెత్తటి పాత చీర ముక్కతో తుడిచింది. కాటుక మారు మాట్లాడకుండా వచ్చేసింది. మా అమ్మాయి నావైపు చూసిన చూపు ఏమిటో తల్లులైన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అత్త చెప్పింది కొత్త సంగతేమీ కాదు. రోమ్‌లో 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు కలిపి లేపనం తయారుచేశాడు. సినిమా తారలకి మేకప్ వేసిన షూ ఉయెమురా జపాన్‌లో 1967లో మొహం శుభ్రం చేసే నూనె తెచ్చి, దానికి 'అన్‌మాస్క్' అని పేరు పెట్టాడు. అంటే ముసుగు తీయడమన్న మాట! మా చిన్నప్పుడు తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టినాయన తెల్లవారుజామున అరుగుమీద కూర్చుని కొబ్బరి నూనెతో సత్యభామని తుడిచేసుకోవడం నేను చూశాను. ఆయనకి గాలెనూ తెలియదు, జపానూ తెలియదు.

కారణం చాలా చిన్నది. నూనె నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. సబ్బు జిడ్డుని వదిలిస్తుంది, నిజమే. కాని మామూలు సబ్బుకి క్షారగుణం ఎక్కువ, మన చర్మానిదేమో కాస్త ఆమ్లగుణం. అందుకని మురికితో పాటు చర్మం తనకోసం దాచుకున్న చమురునీ ఊడ్చేస్తుంది. మొహం శుభ్రపడుతుంది, బిగుసుకునీ పోతుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్క గదిలో మా చెల్లెలుంది.

మేమిద్దరం మాట్లాడుకుని రెండేళ్ళయింది. అమ్మ దాచమని ఇచ్చిన గాజులు అది మొగుడి వ్యాపారం కోసం తాకట్టు పెట్టింది. నాకు తెలిసింది. ఓ గృహప్రవేశంలో, అమ్మ లేకపోయినా పదిమంది బంధువులున్నారని కూడా చూడకుండా, మొహం మీదే అడిగేశాను. నేనన్న ప్రతి మాటా నిజమే. ఆ నిజాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండేళ్ళు కూర్చున్నాను. ఒకే ఇంట్లో ఉండి, "కాఫీ కావాలేమో పిన్నిని అడుగు," అని పిల్ల చేత కబుర్లు పంపుకుంటున్నాం.

నిజం చెప్పడం తప్పా? కాదు. మరి తీయగా చెబితే? అది కొన్నిసార్లు అబద్ధానికి చెల్లెలవుతుంది. నా నవలల్లో నాయికలు నిజాన్ని చెంపపెట్టులా చెప్పి తలెత్తుకుని వెళ్ళిపోతారు. కాగితం మీద అది సులువు. తరువాతి పండక్కి వాళ్ళు ఒకే పంక్తిలో కూర్చోవాల్సిన అవసరం లేదు కదా!

నూనె మెత్తనిది కాబట్టి జిడ్డుని కరిగిస్తోందనుకున్నాను. మెత్తదనం ఒక్కటే కాదు, అది జిడ్డుకి చుట్టం. నీరు పైనుంచి పడి జారిపోతుంది. నేను చెల్లెలి మీద నీరులాగే పడ్డాను, నాకే మరకా లేనట్టు.

మరి లేదా? నా మొదటి నవల సొంత ఖర్చుతో అచ్చు వేయించుకోవడానికి, అమ్మ పెళ్ళికి పెట్టిన గొలుసు తాకట్టు పెట్టాను. విడిపించలేకపోయాను. వేలానికి పోయింది. "ఆ గొలుసు వేసుకోవేమే?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. "లాకర్లో ఉందమ్మా," అంటాను.

మర్నాడు పొద్దున్నే పుష్కరిణి మెట్లమీద చెల్లెలి పక్కన కూర్చుని ఆ మాట చెప్పాను. గాజుల ఊసెత్తలేదు. అది చాలాసేపు నీళ్ళకేసి చూసి, "నువ్వా అక్కా?" అంది. తరవాత ఏడ్చింది. తరవాత నేనడక్కుండానే అంతా చెప్పింది.

అక్కడితో ఆపేద్దామనిపించింది. కాని అత్త నూనె రాసి ఊరుకోలేదు, శనగపిండితో కడిగించింది కూడా. అమ్మాయి సీసాలో నూనె అయినా నీళ్ళు తగలగానే పాలలా తెల్లబడి, కడిగితేనే పోతుంది. కడక్కుండా వదిలేస్తే వీధిలో దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది. ఓదార్చి ఊరుకోవడమూ అంతే. అందుకని మెల్లిగానే అన్నాను, "గాజుల సంగతి అమ్మకి నువ్వే చెప్పాలే."

వారం తిరక్కుండా చెప్పేసింది. అమ్మ తిట్టింది, ఏడ్చింది, సాయంత్రానికి దానికి అన్నం కలిపి పెట్టింది.

సీసా సగానికొచ్చింది. నా మొహం నునుపుగానే ఉంది. చెల్లెలు మాత్రం ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడుగుతోంది.

"అక్కా, నువ్వెప్పుడు మొహం కడుక్కుంటావు?"