నంది ఊళ్లో బండి సౌండ్

ఈ వారం వీడియోలో సమయం చాలక సగంలో ఆపేసిన విషయం ఇది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నంద్యాల చుట్టుపక్కల తొమ్మిది నందుల క్షేత్రాలున్నాయని మీకు తెలుసు. ప్రథమ నందితో మొదలుపెట్టి మహానంది దాకా. ఆ తొమ్మిదీ చూసే అవకాశం లేకపోయినా, ఏదో ఒక శివాలయంలో నంది చెవి దగ్గర వంగి మెల్లగా కోరిక చెప్పుకున్నవాళ్లే కదా మనమంతా. నంది ఎవరు? శివుడి వాహనం. వాహనం అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానికే వస్తాను.

మన ఛానల్ చూసే ఒక తమ్ముడికి సొంతూరు ఆళ్లగడ్డ, ఉద్యోగం హైదరాబాద్. ఈ మధ్యే రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ ఉన్న ఎస్‌యూవీ కొన్నాడు. "అన్నా, పికప్ అదిరిపోతుంది కానీ సౌండే లేదు, మిక్సీ తిరిగినట్టుంది" అంటాడు. వాల్వ్ ఉన్న ఎగ్జాస్ట్ బిగించుకుని నంద్యాల మీదుగా మహానంది చూసుకుని, రాత్రికి ఆళ్లగడ్డలో వాళ్ల అవ్వ ఇంట్లో పడుకుని, తెల్లవారుజామున అహోబిలం బయల్దేరాలని ప్లాన్. వాళ్ల నాన్నగారు మాత్రం "గుడికి పోతున్నావా, పందేనికి పోతున్నావా? ఆ మోత పెట్టుకుని వస్తే నేను బండెక్కను" అన్నారట. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఇతను నన్నడిగింది ఇదీ: "గుళ్లో గంటలు, డోళ్లు లేవా అన్నా? నరసింహస్వామి గర్జించలేదా? మరి నా బండి గర్జిస్తే తప్పేంటి?"

ముందే ఒక మాట. సైలెన్సర్ గురించి ఏ ఆగమంలోనూ రాసి లేదు. ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంజన్ సౌండ్ ఇష్టపడటం పాపమని కూడా నేను అనను. ఇంకా చెప్పాలంటే బండి సౌండ్ మీద మోజు మనకి కొత్తేం కాదు. రాయలసీమలో జాతర్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి తెలుసు, ఎద్దుల్ని రైతు ఎంత ముద్దుగా ముస్తాబు చేస్తాడో. మెడలో మువ్వల పట్టీ కట్టేది ఆ ముచ్చటతోనే. ఆ మువ్వలు ఎద్దు బలాన్ని పెంచవు. కానీ నడకకి ఒక లయ ఉంటుంది, చీకట్లో ఎదురొచ్చేవాడికి బండి వస్తోందని తెలుస్తుంది. అదే రైతు బండి ఇరుసుకి కందెన మాత్రం మర్చిపోకుండా పెడతాడు, కిర్రుమని చప్పుడు రాకుండా! ఒకే బండి. ఒక చప్పుడు కావాలని కట్టాడు, ఇంకో చప్పుడు వద్దని ఆపాడు. మన పెద్దవాళ్లకి రెండిటికీ తేడా తెలుసు.

ఇప్పుడు ఎగ్జాస్ట్ సంగతి చూద్దాం. సిలిండర్లో పెట్రోల్ మండి పని అయిపోయాక, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒత్తిడితో ఉన్న వేడి వాయువు ఒక్క ఉదుటున బయటికొస్తుంది. నిమిషానికి వేల సార్లు. ఆ దెబ్బలే మనం వినే సౌండ్. టర్బో బండిలో టర్బైన్ ఆ దారిలోనే అడ్డంగా తిరుగుతూ దెబ్బల్ని సగం మింగేస్తుంది, అందుకే తమ్ముడికి మిక్సీలా అనిపించింది. మిగిలినదాన్ని మఫ్లర్ పట్టుకుంటుంది. దాని లోపల గదులుంటాయి. సౌండ్ అలలు ఆ గోడలకి తగిలి వెనక్కొచ్చి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వాల్వ్ ఎగ్జాస్ట్ అంటే ఆ పైపులో ఒక మూత. బటన్ నొక్కితే మూత తెరుచుకుని వాయువు మఫ్లర్ పక్కనుంచి దూరి వెళ్లిపోతుంది.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించింది ఏంటంటే, పెట్రోల్‌లో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు చక్రాల దాకా రాకుండా వేడి రూపంలో ఆ పైపులోంచే పోతుంది. సౌండ్ దాంతోపాటు పోయేది. అంటే మనం గర్జన అనుకుంటున్నది బలం కాదు, బలం వాడుకోగా మిగిలింది. ట్యూనింగ్ మార్చకుండా వెనక పైపు ఒక్కటే మారిస్తే పవర్ పెరిగేది కూడా అంతంతమాత్రం. షాపువాడు ఈ ముక్క చెప్పడు లెండి.

ఆళ్లగడ్డ వెళ్తున్నాడు కదా, అక్కడి శిల్పుల పని ఒకసారి చూసి రమ్మని తమ్ముడికి చెప్పాను. దేవతా విగ్రహాలు చెక్కడంలో పేరున్న ఊరది. రోడ్డు పక్కనే ఉలి, సుత్తి చప్పుడు వినిపిస్తుంది, ఈ మధ్య కట్టింగ్ మెషీన్ల మోత కూడా కలిసిందనుకోండి. మన శిల్పశాస్త్రంలో రాయిని ఎంచుకునేది సౌండ్‌ని బట్టి. రాయి మీద కొట్టి వింటారు. గంటలా ఖంగుమని మోగితే అది పుంశిల, దేవుడి విగ్రహానికి. కంచు తాళంలా సన్నగా పలికితే స్త్రీశిల, అమ్మవారికి. పలక్కుండా మొద్దుగా ఉంటే నపుంసక శిల, అది అడుగున పీఠానికో పునాదికో పనికొస్తుంది. గమనించారా? అక్కడ చప్పుడు గొప్ప కోసం కాదు, లోపల ఏముందో తెలుసుకోవడం కోసం. లోపల పగులుంటే ఆ రాయి ఎంత పెద్దదైనా, నునుపుగా ఉన్నా, శిల్పి చెవికి దొరికిపోతుంది.

మరి నరసింహస్వామి గర్జన మాటేంటి? తమ్ముడు నిజంగా మంచి పాయింట్ పట్టుకున్నాడు. స్తంభం పగిలినప్పుడు పుట్టిన ధ్వనికి బ్రహ్మాండం పగిలిందేమో అని బ్రహ్మాది దేవతలు కూడా ఉలిక్కిపడ్డారని భాగవతం ఏడో స్కంధం చెబుతుంది. తర్వాత స్వామి ఉగ్రంగా కూర్చుని ఉంటే దగ్గరికి వెళ్లడానికి దేవతలు భయపడ్డారు. లక్ష్మీదేవి కూడా వెనకాడింది. అప్పుడు వెళ్లిందెవరు? చిన్న పిల్లాడు, ప్రహ్లాదుడు. వెళ్లి కాళ్ల మీద పడ్డాడు, స్వామి తల మీద చెయ్యి పెట్టాడు. ఈ ఒక్క చోట ఆగి ఆలోచించండి. ఆ గర్జన పిల్లాడి కోసం పుట్టింది, అందుకే పిల్లాడు భయపడలేదు. ముల్లోకాల్నీ వణికించిన శబ్దం, ఎవరికి రక్షణ కావాలో వాడిని మాత్రం వణికించలేదు.

"ఇప్పుడు మీ అవ్వ ఉండే సందులో తెల్లవారుజామున నాలుగింటికి నువ్వు కోల్డ్ స్టార్ట్ కొడితే మొదట ఉలిక్కిపడేది ఎవరు?" అని అడిగాను. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ ఐడిల్ ఎక్కువగా ఉంటుంది, అప్పుడే మోత ఎక్కువ. పక్కింట్లో చంటిపిల్ల ఉండొచ్చు, ఎదురింట్లో జ్వరంతో పడుకున్న ముసలాయన ఉండొచ్చు. గర్జన మొదట తగిలేది వాళ్లకే. తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు.

తర్వాత నాన్న గురించి ఎత్తాడు. "ఆయనకి నేనేం చేసినా నచ్చదన్నా" అని. అసలు బాధ అదన్నమాట, సౌండ్ కాదు. నేనన్నాను, "గర్జన కథ వాడుకుంటూ మీ నాన్నగారిని హిరణ్యకశిపుణ్ని చేసెయ్యకు. ఆ ప్రహ్లాదుడే, అన్ని బాధలు పెట్టిన తండ్రి గురించి స్వామిని ఏం అడిగాడో తెలుసా? ఆయన పాపం పోవాలని అడిగాడు. స్వామి వరం కోరుకోమన్నప్పుడు తన కోసం ఏ కోరికా లేకుండా ఉండటమే కావాలన్నవాడు, తండ్రి కోసం మాత్రం నోరు తెరిచి అడిగాడు. మీ నాన్నగారు పెట్టిన బాధ ఏంటి? బండెక్కను అన్నారు, అంతే. అంటే నీతో రావాలనే కదా ఉంది!"

చట్టం సంగతి కూడా చెప్పాలి, ధర్మం పేరు చెప్పి దీన్ని దాటేయకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం, అక్కడ 50, 40. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. మఫ్లర్ లేని పైపు పక్కన నిలబడితే 100 దాటడం పెద్ద విషయం కాదు. పది డెసిబెళ్లు పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుందని గుర్తుంచుకుని లెక్కేసుకోండి. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. "బటన్ నొక్కి మూసేస్తాను కదా" అంటే, కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చావా లేదా అన్నదే చట్టం అడుగుతుంది. ఇంకొకటి, సౌండ్ కోసం క్యాటలిటిక్ కన్వర్టర్ తీయించేవాళ్లున్నారు. అది కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషవాయువుల్ని ఆపేది. దాని జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

అంత ఇష్టమైతే దానికంటూ చోట్లున్నాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది, కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. ట్రాక్ డే చూసుకుని అక్కడ తనివితీరా వినొచ్చు. అక్కడ ఎవరూ ఉలిక్కిపడరు, అందరూ దాని కోసమే వస్తారు. నరసింహుడి గర్జనకీ ఒక చోటు, ఒక వేళ ఉన్నాయి కదా.

ఇక మొదట్లో చెప్పిన వాహనం మాట. నందికున్నంత బలం ఎవరికుంది? కైలాసనాథుణ్ని మోసేవాడు. అయినా నవనందుల్లో ఏ గుడికెళ్లినా ఆయన కూర్చునే ఉంటాడు, మెడలో మువ్వలతో, నోరు మూసుకుని, చెవులు నిక్కబొడుచుకుని. మనం ఆయన దగ్గరికి వెళ్లేది ఆయన అరుపు వినడానికి కాదు, మన మాట వింటాడని. అందుకే నా సలహా: ఈ యాత్రకి బండి కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే తీసుకెళ్లు, ముందు సీట్లో నాన్నగారిని కూర్చోబెట్టు.

వెళ్లేవాళ్ల కోసం దారి కూడా రాస్తున్నాను. కర్నూలు దగ్గర 40వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే నంద్యాల, అక్కణ్నుంచి సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం సుమారు పాతిక కిలోమీటర్లు. ఎగువ అహోబిలానికి వెళ్లేది నల్లమల అడవి మధ్యలోంచి, హారన్ కొట్టకండి. దిగువ అహోబిలానికి దగ్గర్లోనే ఛత్రవట నరసింహస్వామి ఉన్నాడు, చాలామంది హడావిడిలో వదిలేస్తారు. హాహా, హూహూ అనే ఇద్దరు గంధర్వులు పాడుతుంటే మర్రిచెట్టు కింద కూర్చుని వింటూ స్వామి తొడ మీద తాళం వేస్తుంటాడు. ఆ ఎడమ చేతి వేళ్లని జాగ్రత్తగా చూడండి. వచ్చే శనివారం వీడియో ఆయన మీదే. నమో నారసింహాయ.