అంగుళం దించితే

మా మేనకోడలి ఎత్తు అయిదడుగులు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు కూడా దాదాపు అంతే కాబట్టి ఆమెని పొట్టి అనడానికి వీల్లేదు. కానీ రెండేళ్ళ క్రితం ఆమె కొనుక్కున్న స్పోర్ట్స్ బైకు పక్కన నిలబడితే పొట్టిగానే కనిపించింది. దాని సీటు నేలకి 81 సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఎక్కి కూర్చుంటే కాలి మునివేళ్ళు మాత్రమే కిందికి అందేవి. "నీకెందుకే ఇది, హాయిగా ఏ స్కూటీనో కొనుక్కోక" అన్నాన్నేను. "స్కూటీ మీద హాయిగా ఉంటుందని నీకెవరు చెప్పారు మామయ్యా?" అంది.

విశాఖపట్నంలో ఎత్తుపల్లాలు లేని రోడ్డు తక్కువ. ఒకరోజు సాయంత్రం వాలు మీద సిగ్నల్ దగ్గర ఆగి కాలు దించింది. సరిగ్గా అక్కడ చిన్న గుంట. అంతే, బండి ఆమెతో సహా పక్కకి ఒరిగిపోయింది. అప్పుడు వేగం సున్నా. మోకాలు కాస్త దోక్కుపోయింది, క్లచ్ లివర్ విరిగింది, అంతకుమించి ఏం కాలేదు. కానీ వెనక ఆగినవాళ్ళలో ఎవరో "మోయలేనప్పుడు అంత బండి ఎందుకో" అన్నారట. ఆ మాట మోకాలి కన్నా ఎక్కువ మండింది.

ఆ తర్వాతి వారం ఆమె ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్ళింది. ఆ సందు చూసుకుని నేను బండిని తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి ఓ అంగుళం దింపించాను. ఆమెని అడగలేదు. తిరిగొచ్చాక చూసి సంతోషిస్తుందనుకున్నాను.

దించడం పెద్ద పనేం కాదు. ఈ రకం బండికి వెనక చక్రాన్నీ, మధ్యలో ఉండే ఒకే ఒక్క షాక్ అబ్జార్బర్‌నీ కలుపుతూ రెండు లోహపు ముక్కలుంటాయి. ఎముక ఆకారంలో ఉంటాయి కాబట్టి డాగ్ బోన్ అంటారు. అవి తీసి కొంచెం పొడుగువి బిగిస్తే బండి వెనక భాగం కిందికి దిగుతుంది. రెండు గంటల పని. మెకానిక్ "ముందు కూడా దించాలి సార్" అన్నాడు. "వెనకది చాలులే, కాలందితే చాలు" అన్నాన్నేను. తప్పు అతనిది కాదు.

ఆమె తిరిగొచ్చి బండెక్కింది. పాదం సగం దాకా నేలకి ఆనింది. మొహం విచ్చుకుంది. నేను గర్వపడ్డాను. కానీ నాలుగు రోజులకే ఒక్కొక్కటీ బయటపడ్డాయి. సైడ్ స్టాండు పొడవు పాతదే కావడంతో బండి పక్కకి తగినంత వాలకుండా నిటారుగా నిలబడేది. అపార్ట్‌మెంట్ పార్కింగులో ఎవరి చెయ్యో తగిలి అవతలివైపుకి పడింది. ఎవరినైనా వెనక కూర్చోబెట్టుకుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర పొట్ట గీసుకునేది. వెనక దిగి ముందు దిగకపోవడంతో హెడ్‌లైటు పైకి లేచి, ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లోకి కొట్టేది. అన్నిటికన్నా ముఖ్యం, బండి తిరగడం మారిపోయింది. వెనక భాగం దిగితే ముందు ఫోర్కు ఇంకాస్త వాలుతుంది. ఫోర్కు వాలేకొద్దీ బండి తిన్నగా పోవడానికి ఇష్టపడుతుంది, మలుపులో మొరాయిస్తుంది. ఆదివారం అరకు ఘాట్ ఎక్కివచ్చి, హెల్మెట్ తీస్తూ అడిగింది: "బండి మొద్దుగా తిరుగుతోంది. మామయ్యా, దించమని నేను అడిగానా?"

అడగలేదు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకే ఇదంతా ఆలోచించడం మొదలుపెట్టాను.

మనిషికీ వస్తువుకీ కొలత కుదరనప్పుడు ఎవరు మారాలి? దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమని పెద్దవాళ్ళు చెప్పారు. డబ్బు విషయంలో అది మంచి మాటే. కానీ ఆ సామెతలో దుప్పటిని ఎవరూ ప్రశ్నించరు. అది అంతే ఉంటుంది, కాళ్ళే ముడుచుకోవాలి. నా చిన్నప్పుడు పెద్దల సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి అరపెడల్ తొక్కుతూ నేర్చుకున్నవాళ్ళం మేమంతా. ఒళ్ళు వంకర్లు తిప్పాం గానీ సైకిలుది తప్పు అనుకోలేదు. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చీర ఉంది. దానికి సైజు లేదు. నాలుగడుగుల పది అంగుళాల మనిషీ, అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషీ అదే చీర కట్టుకుంటారు. తేడా అంతా నడుం దగ్గర దోపడంలో, కుచ్చిళ్ళలో సర్దుకుంటుంది. దాన్ని సర్దుబాటు అని కూడా ఎవరూ అనరు, కట్టుకోవడం అంటారు, అంతే.

మోటారు సైకిలు ఈ రెండిట్లో దేనిలాంటిది?

బండిని ముట్టుకోకూడదు అనేవాళ్ళ వాదన తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. స్పోర్ట్స్ బైకు ఎత్తుగా ఉండటానికి కారణం ఉంది. మలుపులో బండి బాగా వాలాలి. వాలినప్పుడు ఫుట్‌పెగ్గులు, సైలెన్సరు నేలకి తగలకూడదు. చక్రం పైకీ కిందికీ ఆడటానికి చోటుండాలి. ఇవన్నీ కలిసి బండిని పైకి లేపుతాయి. ఆ ఎత్తుని తీసేస్తే దానితోపాటు ఇంకేదో కూడా పోతుంది.

కానీ ఎత్తంతా అందుకోసమేనా? యమహా ఆర్15 సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. కేటీఎం ఆర్‌సీ 390ది 824. వీటిలో మొదటిదానికి దాదాపు రెట్టింపు ఇంజను ఉన్న కవాసాకి నింజా 300ది 780 మాత్రమే, అంటే మన వీధుల్లో తిరిగే స్ప్లెండర్ కంటే కూడా ఓ పిసరు తక్కువ. అంటే వేగం, ఎత్తు విడదీయరానివేమీ కావు. ఆ 815లో కొంత భౌతికశాస్త్రానిది, కొంత కాగితం మీద గీసుకున్నవాడు మనసులో ఊహించుకున్న రైడరుది. మొదటిదాన్ని కాదంటే దెబ్బ తగులుతుంది. రెండోదాన్ని ప్రశ్నించడానికి మాత్రం ఎవరికైనా హక్కుంది. అయితే ఏది ఏదో చూడగానే తెలియదు. రెండూ ఒకే అంకెలో కలిసిపోయి ఉంటాయి.

ఇంకొందరు డాని పెడ్రోసాని చూపిస్తారు. అయిదడుగుల మూడంగుళాలైనా లేని మనిషి, 2006 నుంచి 2018 దాకా మోటోజీపీలో హోండా ఫ్యాక్టరీ బండి నడిపి 31 రేసులు గెలిచాడు. అతను చెయ్యగలిగింది నువ్వెందుకు చెయ్యలేవు, నైపుణ్యం పెంచుకో అంటారు. నైపుణ్యం మాట నిజమే. కానీ ఈ పోలికలో రెండు విషయాలు దాక్కుని ఉన్నాయి. రేసు నడుస్తున్నంతసేపూ పెడ్రోసా కాలు కింద పెట్టనక్కర్లేదు. పిట్‌లోకి వచ్చి ఆగితే బండి పట్టుకోవడానికి మనుషులుంటారు. పైగా అలాంటి టీముల్లో సీటు, పెగ్గులు, హ్యాండిల్ అన్నీ రైడరు ఒంటికి తగ్గట్టు అమరుస్తారు. లోకంలో అందరికన్నా బాగా నడిపేవాళ్ళకి బండిని మార్చి ఇస్తాం. సిగ్నల్ దగ్గర గుంటలో కాలు పడ్డ అమ్మాయికి మాత్రం నువ్వే మారు అని చెప్తాం.

అదీగాక, "వేరే బండి కొనుక్కో" అన్న సలహా ఎవరికి ఇస్తున్నామో గమనించాలి. అయిదడుగుల మూడంగుళాల మగపిల్లాడు అదే బండి మీద మునివేళ్ళ మీద నిలబడితే "జాగ్రత్తరా" అంటాం. ఆడపిల్లయితే "నీకెందుకే" అంటాం. నేనే అన్నాను.

అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో లెస్బోస్ దీవి తాపీమేస్త్రీల కొలబద్ద ప్రస్తావన వస్తుంది. అది సీసంతో చేసింది. రాయి ఎలా ఉంటే అలా వంగుతుంది. చట్టం అందరికీ ఒకే మాట చెప్తుంది కాబట్టి ఏదో ఒక మనిషి దగ్గర అది కుదరకుండా పోతుంది, అక్కడ ఆ కొలబద్దలా వంగగలిగే వివేకం కావాలి అంటాడాయన. మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిని తయారీదారు చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. వికలాంగుల కోసం మార్చుకోవడానికి మాత్రం, అనుమతి తీసుకుని, దారి ఉంది. అయిదడుగుల ఎత్తు వైకల్యం కాదు, కాకూడదు కూడా. కానీ "మామూలు" అని గీసిన గీతలోనూ అది పూర్తిగా ఇమడదు. చాలామంది జీవితం ఈ రెండిటి మధ్యే గడిచిపోతుంది.

ఇంతవరకూ వచ్చాక నేను చేసింది సరైన పనేనని నాకు అనిపించాలి. వస్తువుని మనిషికి తగ్గట్టు వంచాను కదా. కానీ అలా అనిపించలేదు. ఎందుకంటే సీసపు కొలబద్ద వంగేముందు రాయిని తాకుతుంది. నేను ఆమెని అడగనే లేదు. ఆమె ఇబ్బంది ఏమిటో నేనే నిర్ణయించేశాను. నా కళ్ళకి కనిపించింది సిగ్నల్ దగ్గర పడ్డ బండి. కాలు నేలకి అందడం ఆగినప్పుడే అవసరం, అదీ కొన్ని క్షణాలు. ఆ క్షణాల కోసం నేను ఇచ్చేసింది ఆమె నడిపే సమయమంతా. ఆగడం, నడవడం ఈ రెండిట్లో ఆమె బండి ఎందుకు కొనుక్కుందో నాకు తెలుసు. తెలిసి కూడా నా భయానికే విలువిచ్చాను. ఆ అంగుళం ఆమె కోసం దించానని చెప్పుకున్నాను గానీ సగం నా నిద్ర కోసం దించాను.

ఇంకో సంగతి, ఖర్చు లెక్క. అంగుళం దించితే ఆ అంగుళం ఎక్కడికీ పోదు. స్టాండు దగ్గర, స్పీడ్ బ్రేకర్ దగ్గర, మలుపులో తేలుతుంది. కొంత ఆమె కట్టింది. కొంత, హెడ్‌లైటు రూపంలో, ఎదురుగా వస్తున్న ముక్కూమొహం తెలియని వాళ్ళు కట్టారు. మంచి చేస్తున్నానన్న ఊపులో ఆ లెక్క నేను వెయ్యలేదు. ఎవరికైనా అనుకూలంగా ఏదైనా మార్చడం తప్పని నేను అనను. కానీ మార్పు వల్ల ఏం పోతుందో చెప్పకుండా, దాన్ని కట్టబోయేవాళ్ళని అడగకుండా చేసే మార్పుకి దయ అని పేరు పెట్టడం కష్టం.

తర్వాత ఆమె మెకానిక్ దగ్గర కూర్చుని, ఏది మారిస్తే ఏమవుతుందో అన్నీ అడిగి కాగితం మీద రాసుకుంది. పాత డాగ్ బోన్ ముక్కలు తిరిగి పెట్టించింది. సీటు ముందు భాగంలో స్పాంజి కోయించి సన్నంగా చేయించింది. సీటు ఎత్తెంతో వెడల్పూ అంతే ముఖ్యమట, తొడలు దూరంగా ఉంటే కాలు కిందికి చాలదు. మందపాటి అడుగున్న బూట్లు కొనుక్కుంది. ఆగేముందు నడుం ఒక పక్కకి జరిపి, ఎడమ పాదం పూర్తిగా ఆనించి, కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంచడం నేర్చుకుంది. కొంత బండి మారింది, కొంత తను మారింది. ఎంతెంత అన్నది తనే తేల్చుకుంది. అప్పటి నుంచి బండి మళ్ళీ పడలేదా అంటే, ఒకసారి పడింది. నేను ఏమీ అనలేదు.

నేను వేయించిన ముక్కలు కొన్నాళ్ళు మా ఇంట్లో ఓ డబ్బాలో పడున్నాయి. ఈమధ్య ఆమె ఆఫీసులో పనిచేసే అమ్మాయి వాటిని అడిగి తీసుకెళ్ళింది. అదే మోడలు బండి, ఇంచుమించు అదే ఎత్తు. ఘాట్ రోడ్డు ఊసు ఆమెకి లేదు. రోజూ మద్దిలపాలెం మీదుగా ఆఫీసుకి వెళ్ళిరావాలి, దారిపొడవునా ఆగుతూనే ఉండాలి. ఆమె ముందు ఫోర్కు కూడా దానికి తగ్గట్టు దింపించుకుంది, స్టాండు కోయించి వెల్డింగ్ చేయించుకుంది, హెడ్‌లైటు కిందికి తిప్పించుకుంది, వెనక ఎవరినీ ఎక్కించుకోనని ముందే చెప్పేసింది. ఆమెకి ఆ అంగుళం సరిగ్గా సరిపోయిందట.